‘ఇక్కడే’ అనే అడ్రస్: మన లాప్‌టాప్‌లో సర్వర్ ఎలా నడుస్తుంది

మా చిన్నాన్న కూతురు చిత్తూరు నుంచి వచ్చి తిరుపతి బస్టాండులో దిగి, నేరుగా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా లాప్‌టాప్ తెరిచింది. “జాంప్‌ని మూడుసార్లు తీసేసి మూడుసార్లు ఎక్కించానన్నా. అపాచీ స్టార్ట్ నొక్కితే మొదలైనట్టే అయ్యి ఆగిపోతా ఉంది. కింద ఎర్ర అక్షరాలు పడతా ఉండాయి. సోమవారం రివ్యూ. ఒకటే టెన్షన్.”

ఫైనలియర్ ప్రాజెక్టు అది. జాంప్ అంటే అపాచీ అనే వెబ్ సర్వర్‌ను, డేటాబేస్‌ను, పీహెచ్‌పీని కలిపి ఒకేసారి ఎక్కించే ప్యాకేజీ. మామిడి మండీల్లో ఆ రోజు తోతాపురి ఎంత, బేనీషా ఎంత, నీలం ఎంత అని ఎక్కించి చూపే చిన్న వెబ్ అప్లికేషన్. సీజన్‌లో ధర తెలుసుకోవడానికి రైతులు ఎన్ని ఫోన్లు చేస్తారో మా ఇళ్లలో చూస్తూ పెరిగినవాళ్లమే కాబట్టి నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. కోడ్ చూశాను. అందులో పెద్ద తప్పేమీ లేదు.

నన్ను బాధపెట్టింది ఆ ‘మూడుసార్లు’ అన్న మాట. మా బైరాగిపట్టెడ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే పిల్లలు చాలామంది ఇదే మాట చెబుతారు. వాళ్లకు ఎవరో నాలుగు పనులు చెప్పి ఉంటారు. ఇన్‌స్టాల్ చెయ్, స్టార్ట్ నొక్కు, హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు పెట్టు, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టు. ఆ నాలుగూ ఎందుకు చేస్తున్నామో చెప్పి ఉండరు. అందుకే ఎక్కడైనా ఇరుక్కుంటే మళ్లీ మొదటినుంచీ చేయడం తప్ప వేరే దారి కనిపించదు. ఆ పిల్లకు ఆ రోజు నేను చెప్పినవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

సర్వర్ అంటే ఏమిటి, ఎక్కడుంది?

సర్వర్ అనగానే ఏసీ గదిలో వరుసగా పేర్చిన పెద్ద పెట్టెలు గుర్తొస్తాయి. అసలు అర్థం అంతకంటే చిన్నది. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని చెవి పెట్టుకుని కూర్చుని, అడిగితే జవాబు పంపే ప్రోగ్రామే సర్వర్. అది ఏ కంప్యూటర్‌లోనైనా ఉండొచ్చు. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ 1990 చివర్లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో, టిమ్ బెర్నర్స్-లీ తన పనికి వాడుకునే నెక్స్ట్ కంప్యూటర్‌లోనే నడిచింది. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, ఆఫ్ చేయొద్దు అని ఆయన ఎర్ర సిరాతో రాసి దానికి అంటించారు. అంటే వెబ్ పుట్టిందే ఒక లోకల్ సర్వర్‌గా పుట్టింది.

మన లాప్‌టాప్‌లో జరిగేది కూడా అదే. అడిగే ప్రోగ్రామ్ బ్రౌజర్, జవాబిచ్చే ప్రోగ్రామ్ అపాచీ. రెండూ ఒకే మెషీన్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా, వైఫై ఆపేసినా ఇవి మాట్లాడుకుంటాయి.

మరి సర్వర్ లేకుండా ఫైల్ మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే సరిపోదా? మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ అయితే చాలావరకు సరిపోతుంది. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ఫైల్‌ని అలా తెరిచి చూడండి. ధరల పట్టిక రావాల్సిన చోట మీరు రాసిన కోడే కనిపిస్తుంది. బ్రౌజర్‌కు పీహెచ్‌పీ చదవడం రాదు. చదివి, లెక్కలు చేసి, వచ్చిన ఫలితాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి ఇచ్చేది సర్వర్. అలా మార్చేవాళ్లు మధ్యలో లేకపోతే పచ్చి కోడే బయటపడుతుంది. జావాస్క్రిప్ట్‌తో ఇంకో ఫైల్ నుంచి డేటా తెచ్చుకునే పేజీలకూ ఇదే కష్టం. నేరుగా తెరిచిన ఫైల్ పక్క ఫైల్‌ని తెచ్చుకోబోతే బ్రౌజర్ భద్రత కోసం అడ్డుపడుతుంది. అందుకే అడ్రస్ బార్‌లో ఫైల్ అని మొదలైతే సర్వర్ రంగంలోకే రాలేదని గుర్తు. హెచ్‌టీటీపీ అని మొదలైతే ఎవరో ఒకరు జవాబిస్తున్నారని గుర్తు.

‘ఇక్కడే’

ఇప్పుడు లోకల్‌హోస్ట్ అనే పేరు. దాని వెనక 127.0.0.1 అనే నంబర్ ఉంటుంది. కొత్త పద్ధతి అయిన ఐపీవీ6లో రెండు కోలన్ల పక్కన 1 రాస్తారు. రెండింటి అర్థమూ ఒకటే: ఇక్కడే, ఈ మెషీన్‌లోనే. ఈ అడ్రస్‌కు పంపింది వైఫైలోకి కూడా వెళ్లదు, లోపలే మలుపు తిరిగి వెనక్కి వస్తుంది. దీనికోసం 127తో మొదలయ్యే నంబర్లన్నీ, అంటే 1,67,77,216 అడ్రస్‌లను పక్కన పెట్టేశారు. మనం రోజూ వాడేది అందులో ఒక్కటే.

‘ఇక్కడ’ అన్న మాటకు దానంతట దానికి చోటు లేదు. నేను తిరుపతిలో కూర్చుని ‘ఇక్కడ వర్షం’ అంటే తిరుపతిలో వర్షం. మా చెల్లెలు చిత్తూరు నుంచి అదే మాట అంటే చిత్తూరులో వర్షం. లోకల్‌హోస్ట్ కూడా అచ్చంగా అంతే. అడిగేది ఏ మెషీన్ అయితే ఆ మెషీన్. ఈ ఒక్క విషయం మనసులో గట్టిగా పడితే కింద చెప్పబోయే తిప్పలు సగం మీకు ఎదురే కావు.

అడ్రస్ ఒక్కటే ఉంటే చాలదు. ఒకే మెషీన్‌లో వెబ్ సర్వర్ ఉంటుంది, డేటాబేస్ ఉంటుంది, ఇంకేవేవో ఉంటాయి. తిరుపతి బస్టాండు ఒకటే, కానీ చిత్తూరు బస్సుకు ఒక ప్లాట్‌ఫామ్, మదనపల్లె బస్సుకు ఇంకో ప్లాట్‌ఫామ్. ఆ ప్లాట్‌ఫామ్ నంబరే పోర్ట్. 65,535 వరకు ఉంటాయి. హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు 3306 అని వాడుక. లోకల్‌హోస్ట్ అని మాత్రమే కొడితే బ్రౌజర్ తనంతట తాను 80కి వెళుతుంది, అందుకే ఆ నంబర్ మనకు కనిపించదు. లినక్స్‌లో 1024 కంటే తక్కువ నంబర్లు వాడాలంటే మామూలుగా అడ్మిన్ అధికారం ఉండాలి. డెవలపర్ల కోసం వచ్చిన సర్వర్లు 3000, 5000, 8000 లాంటి పెద్ద నంబర్లు ఎంచుకోవడానికి ఇదొక కారణం.

ఒక ప్లాట్‌ఫామ్ మీద ఒక బస్సు ఆగి ఉంటే ఇంకో బస్సు అక్కడికి రాలేదు. మా చెల్లెలి లాప్‌టాప్‌లో జరిగింది అదే.

ఆ ఎర్ర అక్షరాలు

వాటిని తను చదవలేదు. ఎర్రగా కనిపించగానే కంగారుపడి క్లోజ్ చేసేసింది. మళ్లీ స్టార్ట్ నొక్కించి ఇద్దరం నెమ్మదిగా చదివాం. పోర్ట్ 80ని ఇంకొకరు వాడుతున్నారు, ఆ ప్రాసెస్‌ను తెరిచి చూడలేకపోతున్నాను, దాని పీఐడీ 4 అని ఉంది. పీఐడీ అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ విండోస్ ఇచ్చే గుర్తింపు నంబర్. జాంప్ ప్యానెల్ కుడి పక్కన నెట్‌స్టాట్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఏ పోర్ట్ మీద ఎవరు కూర్చున్నారో పట్టిక వస్తుంది. 80 ఎదురుగా ‘సిస్టమ్’ అని ఉంది.

4 అనే నంబర్ సాక్షాత్తూ విండోస్ కెర్నల్‌ది, అంటే విండోస్ నడిబొడ్డున ఉండే భాగానిది. వైరస్ అనుకుని భయపడతారు చాలామంది. విండోస్‌లో హెచ్‌టీటీపీ అందుకునే భాగం కెర్నల్ లోపలే ఉంటుంది. వేరే సర్వీస్ ఏదైనా అడిగితే వాళ్ల తరఫున అది పోర్ట్ పట్టుకుని కూర్చుంటుంది. ఎవరు అడిగారు? “ఇంతకుముందు ఏదైనా ల్యాబ్ కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ల వెబ్ సర్వర్ ఐఐఎస్ ఆన్ చేశావా?” అన్నాను. కాసేపు ఆలోచించి, “సెకండియర్‌లో డాట్‌నెట్ ల్యాబ్‌కి చేసినానన్నా” అంది. రెండేళ్ల క్రితం ఆన్ చేసిన సర్వీస్ అప్పటినుంచీ లాప్‌టాప్ వెలిగించిన ప్రతిసారీ 80లో వచ్చి కూర్చుంటోంది. జాంప్‌ను మూడుసార్లు కాదు, ముప్పైసార్లు ఎక్కించినా అది లేవదు.

దారులు రెండు. సర్వీసెస్ జాబితాలో ‘వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్’ అని ఉంటుంది, దాన్ని ఆపేయడం ఒకటి. అపాచీనే ఇంకో పోర్ట్‌కు మార్చడం రెండోది. అపాచీ పక్కనున్న కాన్ఫిగ్ బటన్ నొక్కి, వచ్చే జాబితాలో హెచ్‌టీటీపీడీ.కాన్ఫ్ ఎంచుకుంటే ఆ ఫైల్ తెరుచుకుంటుంది. అందులో ‘లిజన్ 80’ అని ఒక లైన్. ఆ మాటే చూడండి, లిజన్, అంటే విను. 80లో విను అని సర్వర్‌కు మనం చెప్పే మాట అది. దాన్ని 8080 చేశాం, కింద సర్వర్‌నేమ్ లైన్‌లో కూడా 80ని 8080 చేశాం. స్టార్ట్ నొక్కితే అపాచీ పచ్చగా నిలబడింది. ఇక నుంచి అడ్రస్ లోకల్‌హోస్ట్ కోలన్ 8080. మొత్తం పట్టిన టైమ్ పది నిమిషాలు, అందులో ఎనిమిది నిమిషాలు చదవడానికే.

443 వేరేవాళ్ల చేతిలో ఉన్నా జాంప్‌లో అపాచీ లేవదు, అది కూడా చూసుకోవాలి. డేటాబేస్ వైపు తిప్పలు ఇంకొంచెం మెలికగా ఉంటాయి. ఎప్పుడో మైఎస్‌క్యూఎల్ విడిగా ఎక్కించుకుని ఉంటే అది 3306లో కూర్చుని ఉంటుంది. మీ అప్లికేషన్ వెళ్లి దాని తలుపు తడుతుంది. అది మీరు పెట్టిన పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. ‘రూట్ అనే ముఖ్య యూజర్‌కు పాస్‌వర్డే లేదు కదా, యాక్సెస్ డినైడ్ ఎందుకంటోంది’ అని జుట్టు పీక్కుంటారు. తలుపు సరైనదే, లోపలున్నది వేరే మనిషి.

తీసేసి మళ్లీ ఎక్కించడం నాకెందుకు ఇష్టం ఉండదో ఇక్కడ చెప్పాలి. డేటాబేస్‌లో మీరు ఎక్కించిందంతా జాంప్ ఫోల్డర్ లోపలే, మైఎస్‌క్యూఎల్ కింద డేటా అనే ఫోల్డర్‌లో ఉంటుంది. జాంప్‌ను ఊడబీకి ఫోల్డర్ డిలీట్ చేస్తే అది కూడా పోతుంది. మా చెల్లెలు వారం పాటు కూర్చుని ఎక్కించిన ధరలు రెండోసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడే పోయాయి. లాప్‌టాప్ ఛార్జ్ అయిపోయి ఠక్కున ఆగిపోతే డేటాబేస్ లేవనని మొండికేయడం కూడా మామూలే. అప్పుడు బ్యాకప్ ఫోల్డర్‌ని డేటా ఫోల్డర్ మీద కాపీ చేయమని చాలామంది సలహా ఇస్తారు. అలా చేస్తే టేబుళ్ల వివరాలు దాచుకునే ఐబీడేటా1 అనే ఫైల్ కొత్తదైపోతుంది. టేబుళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే అలాంటి టేబుల్ లేదంటుంది. ముందు పాత డేటా ఫోల్డర్‌ని అలాగే ఇంకో చోట దాచి, ఆ తర్వాతే ఏదైనా చేయండి. వారానికోసారి, డేటాబేస్‌ను బ్రౌజర్‌లో చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఒక ఎస్‌క్యూఎల్ ఫైల్ పక్కన పెట్టుకుంటే ఈ భయమే ఉండదు.

తోతాపురికి ఎనిమిది ప్రశ్నార్థకాలు

పేజీ తెరుచుకుంది. పోయిన ధరల్లో కొన్ని మళ్లీ ఎక్కించాక అవీ వచ్చాయి. కాయ పేరు ఉండాల్సిన చోట మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలు.

“నాలుగక్షరాలకు ఎనిమిది ఎందుకు వచ్చినాయన్నా?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! తోతాపురి మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు ఎనిమిది: త, ఓత్వం, త, దీర్ఘం, ప, కొమ్ము, ర, గుడి. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో గుణింతం గుర్తుకు కూడా విడిగా నంబర్ ఉంటుంది. ఆ ఎనిమిదింటిలో ఒక్కొక్కదానికి ఆ నంబర్లను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయి, మొత్తం 24 బైట్లు. తన టేబుల్ మాత్రం పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్1 అనే పాత పద్ధతిలో ఉంది. అందులో తెలుగుకు చోటే లేదు. పట్టని ప్రతి గుర్తుకూ బదులుగా ఒక ప్రశ్నార్థకం రాసుకుంది. ఎనిమిదికి ఎనిమిది.

లాటిన్1 ఎక్కడినుంచి వచ్చింది? సీనియర్ల ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న పాత ఎస్‌క్యూఎల్ ఫైల్‌లో టేబుల్ తయారుచేసే లైన్ చివర అలాగే రాసి ఉంది. దాన్ని యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాం. ఆ చివరి ఎంబీ4 ముఖ్యం. మైఎస్‌క్యూఎల్‌లో ఒట్టి యూటీఎఫ్8 అంటే ఒక్కో గుర్తుకు 3 బైట్ల వరకే. తెలుగుకు అది చాలుతుంది, కానీ రైతు మెసేజ్‌లో ఒక ఎమోజీ పెడితే దానికి 4 బైట్లు కావాలి. పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే చోట కూడా అదే యూటీఎఫ్8ఎంబీ4 చెప్పాలి. పేజీ తలలో యూటీఎఫ్-8 అని ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా అక్షరాలు చెడతాయి.

చెడడంలో రెండు రకాలున్నాయి, తేడా తెలిసి ఉండటం మంచిది. టేబుల్‌లోనే ప్రశ్నార్థకాలు ఉంటే తెలుగు పోయినట్టే, తిరిగి రాదు. మళ్లీ టైప్ చేయాల్సిందే, మా చెల్లెలు చేసింది. అలా కాక, నెత్తిన గీతలున్న ఫ్రెంచి అక్షరాల్లాంటివి వరసగా కనిపిస్తే బైట్లు చాలావరకు భద్రంగానే ఉంటాయి, చదివే పద్ధతి తప్పుతోందంతే. కనెక్షన్‌లో సరిచేస్తే తెలుగు తిరిగొచ్చే అవకాశం ఉంది. కాయ పేరు కాలమ్‌కు ఎన్ని అక్షరాలు ఇవ్వాలన్నప్పుడూ ఈ లెక్కే పెట్టుకోవాలి. నాలుగక్షరాల మాటే కదా అని 6 ఇస్తే తోతాపురి అందులో పట్టదు.

తెలుగులో రాసే అప్లికేషన్లను మొదటి రోజునుంచే తెలుగు మాటలతో పరీక్షించాలని నేను గట్టిగా అంటాను. ట్యుటోరియల్స్‌లో ఉన్నట్టు ఇంగ్లిష్ పేర్లతో పరీక్షిస్తూ పోతే ఈ తప్పు చివరి వరకు బయటపడదు.

ఫోన్‌లో చూడాలంటే

రైతు చూసేది ఫోన్‌లోనే. తను కూడా ఫోన్ తీసి లోకల్‌హోస్ట్ కోలన్ 8080 అని కొట్టింది. రాలేదు. ఫోన్ ‘ఇక్కడే’ అంటే ఫోన్‌లోనే వెతుకుతుంది. అక్కడ అపాచీ ఎక్కడుంది?

రెండూ ఒకే వైఫైలో ఉంటే లాప్‌టాప్‌కు ఆ వైఫైలో ఒక అడ్రస్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే ఐపీవీ4 అని కనిపిస్తుంది, ఇళ్లలో సాధారణంగా 192.168తో మొదలవుతుంది. ఫోన్‌లో ఆ నంబర్, కోలన్, 8080 కొట్టాలి. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రం అనుమతి ఇవ్వండి. హాస్టల్, కాలేజీ వైఫైల్లో ఒకరి మెషీన్ ఇంకొకరికి కనిపించకుండా కట్టడి పెట్టి ఉండొచ్చు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, లాప్‌టాప్‌ను దానికి కలిపి చూడండి.

జాంప్‌లో అపాచీ మామూలుగా మెషీన్‌కు ఉన్న అడ్రస్‌లన్నిటి మీదా వింటుంది కాబట్టి ఇంతటితో పని అయిపోతుంది. డెవలపర్లు వాడే జాంగో, వీట్ లాంటి వాటి సర్వర్లు అలా కాదు, భద్రత కోసం లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వింటాయి. జాంగోను 0.0.0.0:8000 అని చెప్పి నడపాలి. 0.0.0.0 అంటే నాకున్న అన్ని అడ్రస్‌ల మీదా విను అని. అలవ్డ్ హోస్ట్స్ జాబితాలో లాప్‌టాప్ నంబర్ కూడా చేర్చాలి. వీట్‌కు హోస్ట్ అనే ఆప్షన్ ఇస్తే సరిపోతుంది.

ఇంకొక మెలిక ఉంది. కాయల ఫొటో తీసే బటన్ లాప్‌టాప్‌లో చక్కగా పనిచేసింది, ఫోన్‌లో కెమెరా అనుమతి కూడా అడగలేదు. పేజీ నుంచి నేరుగా కెమెరా, లొకేషన్ తెరవాలంటే బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ కావాలంటాయి, ఒక్క లోకల్‌హోస్ట్‌కే మినహాయింపు. 192.168కి ఆ మినహాయింపు లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాం. దాంతో ఫోన్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 8080 అని కొడితే లాప్‌టాప్‌లోని 8080 పలుకుతుంది. ఫోన్ తన ‘ఇక్కడే’ అనుకుంటుంది, మినహాయింపు దక్కుతుంది, కెమెరా తెరుచుకుంటుంది.

జాంప్ ఒక్కటే దారి అనుకోవద్దు. పీహెచ్‌పీలోనే 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి చిన్న సర్వర్ ఉంది, పైథాన్‌తో అయితే ఒకే లైన్‌తో ఉన్న ఫోల్డర్‌నే 8000లో చూపొచ్చు. పైథాన్‌తోనే వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్లాస్క్ 5000 వాడుతుంది. మ్యాక్‌లో 2021లో వచ్చిన మాంటరీ వెర్షన్ నుంచి ఫోన్‌లోని వీడియోలు, పాటలు అందుకునే ఎయిర్‌ప్లే అదే 5000లో కూర్చోవడంతో అక్కడా మన 80 కథే. వీట్ 5173 అంటుంది, ఆ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌నే అంకెల్లో రాసుకున్నారు: వి రోమన్ అంకెల్లో 5, మిగతా మూడు అక్షరాలకు ఆకారంలో దగ్గరగా ఉండే 1, 7, 3. ప్రోగ్రామ్‌లను విడి పెట్టెల్లో నడిపే డాకర్ మంచిదే కానీ, ఏ పోర్ట్‌లో ఎవరు వింటున్నారో తెలియకుండా అందులోకి దిగితే చిక్కుముడి ఇంకో పొర లోపలికి వెళుతుంది, అంతే. ఏది వాడినా అదే ప్రశ్న: ఎవరు, ఏ అడ్రస్ మీద, ఏ పోర్ట్‌లో, ఏ ఫోల్డర్ నుంచి?

రివ్యూ బాగా జరిగింది. తర్వాత ఒక ఉచిత హోస్టింగ్‌లో పెట్టుకుంది. రెండు రోజులకు ఫోన్ చేసింది. “నాకు కాయల బొమ్మలు వస్తా ఉండాయన్నా. ఫ్రెండ్స్ ఎవరికీ రావడం లేదు. వాళ్ల ఫోన్లలోనే ఏదో ఉంది.”

విండోస్‌లో ఫైల్ పేరు చిన్నక్షరాలా పెద్దక్షరాలా అన్నది పట్టింపు లేదు, హోస్టింగ్‌లో ఉండే లినక్స్‌కు ఉంది, ముందు అదే అనుమానించాను. కానీ అదే అయితే తనకూ రాకూడదు. “జాంప్ నడుస్తా ఉందా?” అన్నాను. నడుస్తోంది. “అపాచీ స్టాప్ నొక్కి, కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొట్టి పేజీ మళ్లీ తెరువు.”

కాసేపు మాట లేదు. “నాకూ పోయినాయన్నా.”

ప్రతి బొమ్మకూ కోడ్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 8080తో మొదలుపెట్టి పూర్తి అడ్రస్ రాసుకుంది. పేజీ హోస్టింగ్ నుంచి వచ్చేది, బొమ్మలు తన లాప్‌టాప్‌లోని అపాచీ నుంచే వచ్చేవి. స్నేహితుల ఫోన్లు మాత్రం తమలో తాము వెతుక్కుని ఊరుకున్నాయి. ఆ ముందు భాగమంతా తీసేసి, సైట్ లోపలి దారి మాత్రం ఉంచమన్నాను. సాయంత్రానికి తన ఫ్రెండ్ ఫోన్‌లో పేజీ స్క్రీన్‌షాట్ పంపింది. తోతాపురి బొమ్మ, పక్కన ఆ రోజు ధర, పైన తెలుగులో పేరు.